పుస్తకం ఎంచే చెయ్యి ఎవరిది?



డిసెంబరులో హైదరాబాదులో, జనవరిలో విజయవాడలో పుస్తకాల పండుగ జరుగుతుంది. ఆ దుకాణాల వరసల్లో తిరిగేవాళ్ళకి తరచుగా కనబడే దృశ్యం ఒకటుంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడు బొమ్మల కథల పుస్తకం తీసుకుని నిలబడే రెండు పేజీలు చదివేస్తాడు. పక్కనున్న నాన్న దాన్ని మెల్లగా వెనక్కి పెట్టించి, జనరల్ నాలెడ్జి ప్రశ్నలూ జవాబుల పుస్తకం చేతికిస్తాడు. "ఇది పనికొస్తుందిరా కన్నా" అంటాడు. ప్రేమతోనే అంటాడు. డబ్బు వృథా కాకూడదని, బిడ్డ పైకి రావాలని ఆయన ఆశ. కానీ ఇంటికెళ్ళాక ఆ ప్రశ్నల పుస్తకం అల్మారాలోకి వెళ్ళిపోతుంది. పిల్లవాడు ఫోను అడుగుతాడు.

అమ్మానాన్నలకీ, పిల్లలకీ, కామిక్స్ అంటే ప్రాణం పెట్టేవాళ్ళకీ పుస్తకాలు ఎలా ఎంచుకోవాలో ఈ పూట మాట్లాడుకుందాం. నేను చెప్పదలచుకున్నది ఒకటే. సరదా పుస్తకాలు వేరు, పనికొచ్చే పుస్తకాలు వేరు అని మనం గీసుకున్న గీత చెరిపెయ్యాలి. పిల్లలు ఇష్టంగా చదివిన పుస్తకమే వాళ్ళకి పనికొస్తుంది. తెరవని పుస్తకం ఎంత గొప్పదైనా ఎవరికీ పనికిరాదు. కాబట్టి ఎంపికలో పిల్లల చెయ్యి ఉండి తీరాలి. పెద్దవాళ్ళకి పని లేదని కాదు. పిల్లల కంటి ముందుకి ఏ పుస్తకాలు రావాలో పెద్దలు చూసుకోవాలి. అందులోంచి ఏది తీసుకోవాలో పిల్లలు తేల్చుకోవాలి.

ఈ ఆలోచన మనకి కొత్త కాదు. దీనికి రేడియోతోనే చుట్టరికం ఉంది. రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా తెలుగు పిల్లలందరికీ ఆప్తులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలు నడిపారు. 1945లో మద్రాసు నుంచి 'బాల' పత్రిక తీసుకొచ్చారు. పిల్లలకోసం పెద్దలు రాసినవి వెయ్యడంతో ఆగకుండా, పిల్లలు రాసినవీ గీసినవీ అచ్చువేశారు. ముళ్ళపూడి వెంకటరమణ చిన్ననాటి రాతా, బాపు చిన్ననాటి గీతా వెలుగు చూసింది ఆ పత్రికలోనే. పిల్లల అభిరుచిని నమ్మినందుకు తెలుగు జాతికి దక్కిన ఫలితం అది.

ఇష్టానికి ఇంత విలువ ఎందుకిస్తున్నానో చెబుతాను. చదవడం బాగా రావాలంటే చాలా చదవాలి. పది పేజీలు కాదు, వందల పేజీలు. అన్ని పేజీలు బలవంతం మీద ఎవరూ చదవరు. తరవాత ఏమవుతుందోనన్న ఆత్రం ఒక్కటే పిల్లల చేత పేజీ తిప్పిస్తుంది. ఆ ఆత్రంలో కొత్త మాటలు అర్థమవుతాయి, వాక్యం నడక పట్టుబడుతుంది, ఎదుటి మనిషి మనసులో ఏముందో ఊహించడం అలవాటవుతుంది. రేపు సైన్సు పాఠం చదవాలన్నా, బ్యాంకు కాగితం చదివి సంతకం పెట్టాలన్నా అక్కరకొచ్చేది ఈ సాధనే.

1950లలో అమెరికాలో ఇలాంటి చర్చే నడిచింది. ఒకటో తరగతి వాచకాలు చప్పగా ఉన్నాయని, అందుకే పిల్లలు చదవడం లేదని పెద్దలు గోల పెట్టారు. అప్పుడు డాక్టర్ స్యూస్ అనే పేరుతో రాసే రచయితని, చిన్నపిల్లలకి తెలిసిన మాటల జాబితా ఇచ్చి, వాటితోనే కథ రాయమన్నారు. ఆయన 236 మాటలు మాత్రమే వాడి 'ద క్యాట్ ఇన్ ద హ్యాట్' రాశాడు. 1957లో అచ్చయిన ఆ పుస్తకాన్ని పిల్లలు ఇప్పటికీ వదలలేదు. తేలికగా రాయడం ఎంత కష్టమో, తేలికైన పుస్తకంలో ఎంత పనితనం ఉంటుందో ఆ ఒక్క పుస్తకం చెబుతుంది. "ఇందులో ఏముంది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది" అని చిన్న పుస్తకాన్ని తీసి పక్కన పెట్టేముందు ఇది గుర్తుచేసుకోండి.

సరే, దుకాణంలో నిలబడ్డాం. మంచి పుస్తకాన్ని గుర్తుపట్టడం ఎలా?

మొదటి పని. నడిమధ్య ఏదో ఒక పేజీ తెరిచి, పైకి చదవండి. తెలుగు నోట్లో తేలిగ్గా ఆడాలి. కథలో పిల్లలు పిల్లల్లా మాట్లాడాలి. బడి ఎగ్గొట్టిన కుర్రాడు తల్లితో గ్రాంథికంలో మాట్లాడుతున్నాడంటే ఆ పుస్తకం పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. అనువాదాల విషయంలో ఈ పరీక్ష మరీ ముఖ్యం. చదివినవాళ్ళకి ఇది తెలుగులోనే పుట్టిందనిపిస్తే తీసుకోండి. ప్రతి వాక్యం దగ్గరా ఆగి అర్థం వెతుక్కోవలసి వస్తే వదిలెయ్యండి.

రెండోది, బొమ్మలు చూడండి. కథలో ముగ్గురు స్నేహితులుంటే బొమ్మలో ఇద్దరే కనబడడం, పల్లెటూరి కథకి ఏదో విదేశపు ఇల్లు వెయ్యడం చవక పుస్తకాల్లో మామూలే. పెద్దలు గమనించకపోయినా పిల్లలు ఇట్టే పట్టేస్తారు. కథలో చెప్పని సంగతి కూడా మంచి బొమ్మలో ఉంటుంది. పిల్లి ఎక్కడ నక్కిందో, అమ్మమ్మ కళ్ళజోడు ఎవరు దాచారో బొమ్మలో వెతుక్కోవడం పిల్లలకి పెద్ద పండుగ.

మూడోది, చివరి పేజీ చూడండి. కథ అయిపోయాక నీతి అని వేరే గీత గీసి చెప్పారంటే, కథ మీద రాసినవాళ్ళకే నమ్మకం లేదన్నమాట. మంచి కథకి ఆ తోక అక్కర్లేదు.

నాలుగోది అయిదు వేళ్ళ లెక్క. పిల్లల చేత ఒక పేజీ చదివించండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. అయిదు వేళ్ళూ ముడుచుకున్నాయంటే అది ఒంటరిగా చదువుకునే పుస్తకం కాదు, మీరు చదివి వినిపించవలసిన పుస్తకం. వచ్చే ఏడాదికి కూడా సరిపోతుందని రెండు సైజులు పెద్ద గౌను కొంటామే, పుస్తకం అలా కొనకూడదు. ఈ రోజుకి సరిపోయేదే కొనాలి.

ఇక వయసు సంగతి. ఏడాది నిండిన పాపకి పుస్తకం నోట్లో పెట్టుకునే వస్తువు. అందుకే మందపాటి అట్ట పేజీలు, పేజీకి ఒకటే పెద్ద బొమ్మ చాలు. మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చే కథలు కావాలి. వాళ్ళు ఒకే పుస్తకం ముప్పై రాత్రులు చదివించుకుంటారు. విసుక్కోకండి. తరవాత ఏమొస్తుందో ముందే తెలిసి ఉండడంలోనే వాళ్ళ సంతోషం ఉంది.

కూడబలుక్కుని చదివే ఆరేడేళ్ళ వయసులో తెలుగు పిల్లలకి ప్రత్యేకమైన కష్టం ఒకటి ఎదురవుతుంది. గుణింతం వచ్చేసినా వత్తుల దగ్గర ఆగిపోతారు. వత్తు కింద వత్తు పడిన మాటలు పేజీకి పాతికుంటే ఏ పిల్లకైనా ఊపిరాడదు. కాబట్టి ఈ వయసుకి చిన్న వాక్యాలు, పెద్ద అక్షరాలు, తక్కువ వత్తులు ఉన్న పుస్తకాలు వెతకండి. తొమ్మిదేళ్ళు దాటాక సాహసాలు, గూఢచారులు, జంతువులు, సొంతంగా చేసి చూసే ప్రయోగాలు బాగా పడతాయి. అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు, పాత కాగితాలతో ఆటవస్తువులు చేయిస్తూ సైన్సు నేర్పుతాయి. కథలంటే ముఖం తిప్పుకునే పిల్లలు కూడా వీటికి లొంగుతారు. విజ్ఞానాన్ని తేట తెలుగులో చెప్పిన మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ పేర్లు కూడా గుర్తుపెట్టుకోండి.

పిల్లలకి చదవడం వచ్చేసిందని మీరు చదివి వినిపించడం మానేస్తారేమో, దయచేసి మానకండి. ఎనిమిదేళ్ళ పాప తనంతట తాను చదవగలిగే కథ కంటే, విని అర్థం చేసుకోగల కథ చాలా పెద్దది. రాత్రిపూట పదిహేను నిమిషాల చదువు ఆ రెండింటి మధ్యా ఉన్న దూరాన్ని తగ్గిస్తుంది.

తెలుగులో పిల్లల పుస్తకాలెక్కడున్నాయండీ అని చాలామంది నిట్టూరుస్తారు. ఉన్నాయి. వెతకాలి. 1947 జులైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలైన 'చందమామ' సంగతే తీసుకోండి. నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన ఆ పత్రికకి కొడవటిగంటి కుటుంబరావు దశాబ్దాల పాటు సంపాదకత్వం వహించారు. అలతి మాటలతో కథ చెప్పడం ఎలాగో అక్కడ చూడాలి. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన జానపద సీరియళ్ళు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ గీసిన విక్రమార్కుడూ బేతాళుడూ మూడు తరాల పిల్లల్ని చదువరులుగా మార్చాయి. పత్రిక ఆగిపోయినా పాత సంచికలు చాలా ఇళ్ళలో, గ్రంథాలయాల్లో ఉన్నాయి.

మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలు తెలుగులో అచ్చయి విశాలాంధ్ర దుకాణాలకి వచ్చేవి. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వీయార్ వంటివారు వాటిని అనువదించారు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, చవక ధర. సోవియట్ యూనియన్‌తోపాటు ఆ రాక ఆగిపోయినా, హైదరాబాదులోని 'మంచి పుస్తకం' సంస్థ వాటిలో కొన్నిటిని మళ్ళీ అచ్చువేసింది, కొత్త కథలూ తెస్తోంది. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు తెలుగులోనూ, తక్కువ ధరకే దొరుకుతాయి. చెన్నైలోని తూలిక తెలుగులోనూ, రెండు భాషలు పక్కపక్కన ఉండేలానూ పుస్తకాలు వేస్తోంది. ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్' అంతర్జాలంలో నాలుగు స్థాయిలుగా కథలు పెట్టింది. తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు.

పన్నెండేళ్ళు దాటిన పిల్లల చేతికి నామిని 'మిట్టూరోడి కతలు', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఇచ్చి చూడండి. ముందు మీరు చదివి ఇవ్వండి. చిత్తూరు పల్లెలో, నెల్లూరి సీమలో నోటి మాట ఎలా ఉంటుందో అలాగే అచ్చులో కనబడుతుంది. మా ఇంట్లో మాట్లాడుకునే మాట కూడా పుస్తకంలో ఉండొచ్చా అని పిల్లలు ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం వాళ్ళకి తమ ఊరి మీద, తమ వాళ్ళ మీద గౌరవం పెంచుతుంది.

ఇప్పుడు కామిక్స్ అభిమానుల దగ్గరికి వద్దాం. "బొమ్మలు చూస్తాడు తప్ప చదవడండీ" అన్న ఫిర్యాదు ప్రతి ఊళ్ళోనూ వినబడుతుంది. ఆ ఫిర్యాదు న్యాయమైనది కాదు. కామిక్స్ చదవడం కూడా చదవడమే. ఒక గడిలో కుర్రాడు చెట్టెక్కుతుంటాడు. తరవాతి గడిలో నేలమీద కాలు పట్టుకుని కూర్చుంటాడు. పడిపోవడం ఎక్కడా గియ్యలేదు. రెండు గడుల మధ్య ఉన్న తెల్లటి సందులో జరిగిందాన్ని చదివేవాళ్ళే ఊహించుకోవాలి. ముఖంలో భావం, మాట బుడగ ఆకారం, గడి పరిమాణం అన్నీ కలిపి అర్థం చేసుకోవాలి. చదువంటే భయపడే పిల్లలకి బొమ్మ తోడుగా ఉండి ధైర్యమిస్తుంది.

మనకీ కామిక్స్ చరిత్ర ఉంది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి అబ్బాయి బుజ్జాయి 'డుంబు' అనే బొమ్మల కథ గీశారు. ఇల్లస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రం కథల్ని బొమ్మలుగా చెప్పి దేశమంతా మెప్పు పొందారు. అమర చిత్ర కథలు 1967లో అనంత్ పాయ్ చేతిలో మొదలయ్యాయి. దూరదర్శన్ క్విజ్‌లో గ్రీకు పురాణాల ప్రశ్నలకి టకటకా జవాబు చెప్పిన పిల్లలు, రాముడి తల్లి పేరు చెప్పలేకపోవడం చూసి ఆయన కదిలిపోయారు. ఆ పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి. ఎంతోమంది పిల్లలకి పురాణాలూ చరిత్రా వాటివల్లే దగ్గరయ్యాయి. పాత పుస్తకాల్లో రాక్షసులకి నల్లరంగు, దేవతలకి తెల్లరంగు వేశారని, ఆడవాళ్ళని కొన్ని మూసల్లోనే చూపించారని విమర్శకులు ఎత్తిచూపారు. అందుకని దాచిపెట్టక్కర్లేదు. పక్కన కూర్చుని, "ఈయనకి ఈ రంగు ఎందుకేశారంటావ్?" అని అడగండి. బొమ్మని ప్రశ్నించడం నేర్చిన పిల్లలు రేపు ప్రకటనల్ని, వార్తల్ని కూడా ప్రశ్నిస్తారు.

కాస్త పెద్ద పిల్లలకీ, పెద్దవాళ్ళకీ కామిక్స్ ఎంత లోతుకి వెళ్ళగలవో తెలియాలంటే రెండు పుస్తకాలు చూడాలి. ఒకటి 2011లో వచ్చిన 'భీమాయన'. అంబేడ్కర్ జీవితాన్ని ప్రధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ తమ సంప్రదాయ చిత్రకళలో గీశారు. నలుచదరపు గడులు లేవు. మంచి మాటలు పలికే బుడగలకి పక్షి ఆకారం, కులం విషం కక్కే మాటల బుడగలకి తేలు కొండి. బడిలో నీళ్ళు తాగనివ్వని బాలుడి దాహాన్ని ఆ పేజీలు మన గొంతులోకి తెస్తాయి. రెండోది ఆర్ట్ స్పీగల్‌మన్ 'మౌస్'. నాజీల శిబిరాల్లోంచి ప్రాణాలతో బయటపడ్డ తన తండ్రి కథని, యూదుల్ని ఎలుకలుగా, నాజీల్ని పిల్లులుగా గీసి చెప్పాడు. 1992లో దానికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. బొమ్మలున్నాయి కదా అని అది చిన్నపిల్లలకి ఇచ్చే పుస్తకం కాదు. కామిక్స్ కొనేటప్పుడు తల్లిదండ్రులు గట్టిగా పట్టించుకోవలసింది ఇదే. బొమ్మలున్నవన్నీ పిల్లలవి కావు. జపాను బొమ్మల కథలైన మాంగాలు కూడా అన్ని వయసులవారికీ వేరువేరుగా ఉంటాయి. అట్ట మీద వయసు చూడండి, నాలుగు పేజీలు తిప్పండి, ఆ తరవాత కొనండి.

పిల్లలకోసం ఇంత వెతికే అమ్మానాన్నలు తమకోసం కూడా ఒక పుస్తకం తెచ్చుకోవాలి. పెంపకం గురించి పదిసూత్రాల పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటికంటే ముందు నాలుగు పుస్తకాలు చదవమంటాను. తెత్సుకో కురొయనాగి రాసిన తొత్తోచాన్ కథ తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది. అల్లరి చేస్తోందని ఒక బడి వెళ్ళగొట్టిన చిన్నమ్మాయిని, పాత రైలుపెట్టెల్లో నడిచే మరో బడి హెడ్‌మాస్టరు కొబయాషి గంటల తరబడి కూర్చోబెట్టుకుని ఆమె చెప్పిందంతా విన్నాడు. పిల్లల మాట వినడం ఎలాగో ఆయన్ని చూసి నేర్చుకోవాలి. గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన 'పగటికల' రెండోది. అందులో ఉపాధ్యాయుడు లక్ష్మీరాం నాలుగో తరగతిని కథలతో తనవైపు తిప్పుకుంటాడు, తరగతిలోనే చిన్న గ్రంథాలయం పెడతాడు. మూడోది చలం 'బిడ్డల శిక్షణ'. కొట్టడం, భయపెట్టడం బిడ్డల్ని ఎలా నలిపేస్తాయో ఆయన కటువుగా చెబుతారు. కొన్నిచోట్ల మీకు కోపం రావచ్చు, అయినా చదవండి. నాలుగోది నామిని 'చదువులా? చావులా?'. మార్కుల పరుగులో పిల్లలేం పోగొట్టుకుంటున్నారో మొహమాటం లేకుండా చెప్పిన పుస్తకం. అమ్మ చేతిలోనో నాన్న చేతిలోనో ఇలాంటిదొకటి ఉంటే, ఇంట్లో చదువుకో అని ప్రత్యేకంగా చెప్పే అవసరం తగ్గుతుంది.

ఇవన్నీ కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకే గ్రంథాలయాలున్నాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా తిరిగి గ్రంథాలయోద్యమం నడిపారు. ఈ రోజుకీ మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అంటే మీ ఊరి గ్రంథాలయానికి మీరు ఇప్పటికే చందాదారులు. అక్కడికి పిల్లల్ని తీసుకెళ్ళండి. పిల్లల పుస్తకాలు లేకపోతే గ్రంథపాలకుణ్ణి అడగండి, పది మంది కలిసి అడగండి. ప్రతి పాఠకుడికీ సరిపోయే పుస్తకం, ప్రతి పుస్తకానికీ సరిపోయే పాఠకుడు ఉంటారన్నది గ్రంథాలయశాస్త్రానికి 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ వేసిన పునాది. ఆ ఇద్దర్నీ కలపడమే గ్రంథాలయం పని.

తెలుగు రాష్ట్రాలు దాటి బెంగుళూరులో, దుబాయిలో, డల్లాస్‌లో ఉన్న కుటుంబాలకి ఒక మాట. అక్కడి పిల్లలకి తెలుగు వినడం వచ్చు, కొందరికి మాట్లాడడం వచ్చు, చదవడమే రాదు. వాళ్ళకి ముందుగా వాచకం ఇవ్వకండి. రెండు భాషల్లో ఉన్న బొమ్మల కథ ఇవ్వండి. వీడియో కాల్‌లో తాతయ్యనో అమ్మమ్మనో అదే పుస్తకం తెరిచి చదవమనండి. అటు ఒక ప్రతి, ఇటు ఒక ప్రతి. కథ కోసం మొదట చెవి, తరవాత కన్ను తెలుగుకి అలవాటు పడతాయి.

ఫ్రాన్సులో బడిపంతులుగా పనిచేసిన రచయిత డేనియల్ పెన్నాక్ 1992లో పాఠకుల హక్కులంటూ పది రాశాడు. పేజీలు దాటెయ్యడం, సగంలో ఆపెయ్యడం, చదివిందే మళ్ళీ చదవడం, ఏది దొరికితే అది చదవడం అందులో ఉన్నాయి. పెద్దవాళ్ళం ఇవన్నీ రోజూ చేస్తూనే ఉంటాం. పిల్లలకి మాత్రం ఒప్పుకోం. ఇక ఒప్పుకుందాం.

ఈ నెలలో ఒక పని చెయ్యండి. పుస్తకాల దుకాణానికో గ్రంథాలయానికో పిల్లలతో వెళ్ళండి. రెండు పుస్తకాలు తీసుకోండి. ఒకటి మీరు ఎంచింది, ఒకటి వాళ్ళు ఎంచింది. వాళ్ళది మీకు నచ్చకపోయినా సరే, వాళ్ళతో కలిసి చదవండి. చదివాక "దీనివల్ల ఏం నేర్చుకున్నావు?" అని అడగకండి. "నీకు ఎక్కడ బాగా నచ్చింది?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. తరవాత ఏ పుస్తకం తేవాలో ఆ జవాబే మీకు చెబుతుంది.